కోరల్ ట్యాంకుకు కొత్త లైటు: ఎనిమిది వారాల్లో వెలుగు అలవాటు చేసే పద్ధతి

కొత్త ఎల్‌ఈడీ బిగించిన రోజున కోరల్స్ (పగడపు జీవులు) పెంచే ఉప్పునీటి ట్యాంకు మునుపెన్నడూ లేనంత కళగా ఉంటుంది. మూడో రోజుకూ బాగానే ఉంటుంది. వారం దాటాక జోవా కోరల్స్ సగమే విచ్చుకుంటాయి, లెదర్ కోరల్ తల వాల్చేస్తుంది, టార్చ్ కోరల్ మధ్యాహ్నానికే ముడుచుకుపోతుంది. పది పదిహేను రోజులకు పైవైపు తెల్లబడటం కనిపిస్తుంది. అప్పుడు కంగారుపడి నీళ్లు మారుస్తారు, సీసాల్లో దొరికే మందులన్నీ పోస్తారు. కానీ దెబ్బ తగిలింది మొదటి రోజే, తెలిసింది ఆలస్యంగా.

కడియం, కడియపులంక నర్సరీల వాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. షేడ్ నెట్ కింద పెరిగిన మొక్కను ఎవరూ ఒక్కసారిగా మిట్టమధ్యాహ్నపు ఎండలోకి లాగరు. ముందు అంచు నీడకు జరుపుతారు, తర్వాత పొద్దుటి ఎండకు, ఆ తర్వాతే ఆరుబయటకు. కోరల్‌కూ ఇదే లెక్క. తేడా ఒక్కటే: మొక్క ఆకు సాయంత్రానికే వాడి చెబుతుంది, కోరల్ పది రోజులు ఆగి చెబుతుంది. కాబట్టి కంటిని నమ్మకుండా కొలతను నమ్మి, కోరల్ బాగున్నప్పుడు కూడా తొందరపడకుండా సాగాలి.

లోపల ఏం జరుగుతుంది

కోరల్ కండలో జూజాంథెల్లీ అనే సూక్ష్మ శైవలాలు ఉంటాయి. వెలుగుతో అవి తయారుచేసే చక్కెరల్లో ఎక్కువ భాగం కోరల్‌కే చేరుతుంది. వెలుగు తక్కువైన చోట ఈ శైవలాలు తమలో పత్రహరితాన్ని పెంచుకుంటాయి, వాటి సంఖ్య కూడా పెరగొచ్చు. మసక లైటు కింద కోరల్స్ గోధుమరంగుకు తిరగడానికి కారణం ఇదే. దొరికిన కాస్త వెలుగునూ వదలకుండా పట్టుకునేందుకు చేసుకున్న ఏర్పాటు అది.

ఆ ఏర్పాటు మీద ఒకేసారి మూడింతల వెలుగు పడితే వాడుకోగలిగినంత వాడుకోగా మిగిలిన శక్తి చురుకైన ఆక్సిజన్ రూపాలుగా మారుతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ వాటిలో ఒకటి. అవి కండను లోపలి నుంచి కాలుస్తాయి. కోరల్ తన శైవలాలను బయటికి నెట్టేస్తుంది, పారదర్శకమైన కండ వెనక తెల్లటి అస్థిపంజరం కనిపిస్తుంది. దాన్నే బ్లీచింగ్ అంటాం. తెల్లబడిన కోరల్ ఇంకా చచ్చిపోలేదు, ఆకలితో ఉంది.

వెలుగు మెల్లగా పెరిగితే మాత్రం పత్రహరితం తగ్గుతుంది, శైవలాల సంఖ్య సర్దుకుంటుంది, ఎండకు గొడుగులా పనిచేసే రంగు ప్రొటీన్లు తయారవుతాయి. ఇందుకు రోజులు చాలవు, వారాలు పడతాయి.

వేడి నీళ్లలో ఈ దెబ్బ ఇంకా తక్కువ వెలుగుకే తగులుతుంది. గోదావరి డెల్టాలో ఈ పనికి ముహూర్తం చూసుకోవాల్సింది అందుకే.

ఎప్పుడు మొదలుపెట్టాలి

సంక్రాంతి వెళ్లగానే మొదలుపెడితే మార్చి నడిమికి పని పూర్తవుతుంది. ఆ రెండు నెలలూ గదిలో వేడి ఉండదు, ట్యాంకు నీళ్లను 25 నుంచి 27 డిగ్రీల మధ్య నిలపడం తేలిక. రోహిణి కార్తెలో మాత్రం లైటు మార్చకండి. పాత లైటు మే నెలలో కాలిపోయి తప్పనిసరిగా మార్చాల్సి వస్తే, కింద చెప్పిన ప్రతి వారాన్నీ రెండు వారాలుగా లెక్కపెట్టుకోండి. నీళ్లు 28 డిగ్రీలు దాటిన రోజున లైటు శాతం (పూర్తి వెలుగులో ఎంత భాగం వెలిగిస్తున్నామో ఆ అంకె) పెంచొద్దు. 29 దాటితే ఉన్నదాంట్లో మూడో వంతు తగ్గించండి.

ఫ్యానుతో నీళ్లు చల్లబరచడం రాజమండ్రి వైపు పొడి ఎండల్లో బాగా పనిచేస్తుంది. కాకినాడ, నరసాపురం, అంతర్వేది లాంటి తీరపు ఊళ్లలో గాల్లోనే తేమ ఎక్కువ కాబట్టి నీరు త్వరగా ఆవిరి కాదు, ఫ్యాను వల్ల ఫలితం తక్కువ. అక్కడ నీళ్లను చల్లబరిచే చిల్లర్ యంత్రమో, ఏసీ గదో కావాలి. ఈ ఖర్చుకు సిద్ధంగా లేనివాళ్లు ఎక్కువ వెలుగు కోరే కోరల్స్ జోలికి పోకుండా, ఉన్న లైటుతో మష్రూమ్ కోరల్స్, జోవాలు పెంచుకోవడమే మేలు. అవీ తక్కువ అందమైనవేం కావు.

మొదటి పని: పాత లైటు ఉండగానే కొలతలు

ఎక్కువమంది వదిలేసే మెట్టు ఇదే. పాత లైటు విప్పేశాక ఈ లెక్క మళ్లీ దొరకదు.

కోరల్ వాడుకోగల వెలుగును పార్ అంటారు, కొలిచేది మైక్రోమోల్స్‌లో. మిట్టమధ్యాహ్నం ఆరుబయట ఎండ దాదాపు 2000 ఉంటుంది. ట్యాంకులో మష్రూమ్‌లకు 30 నుంచి 80, జోవాలకు 60 నుంచి 150, లెదర్ కోరల్స్‌కు 80 నుంచి 200, టార్చ్, హ్యామర్ లాంటివాటికి 80 నుంచి 150, మాంటిపోరాకు 150 నుంచి 250, ఆక్రోపోరాకు 250 నుంచి 400 సరిపోతాయి. ఇవి చేరాల్సిన గమ్యాలే కానీ మొదలుపెట్టే అంకెలు కావు.

నీళ్లలో ముంచి కొలిచే పార్ మీటరు కావాలి. అపోజీ ఎంక్యూ 510 నీటిలోపలి కొలతకు తగిన సవరణ తనే చేసుకుంటుంది. ఖరీదైన వస్తువే. ట్యాంకులున్న నలుగురైదుగురు కలిసి కొనుక్కుని చేతులు మార్చుకుంటే భారం ఉండదు, ఏడాదికి రెండు మూడుసార్లకు మించి దాంతో పని పడదు కూడా.

ఫోనులోని లక్స్ యాప్‌తో సరిపెట్టుకోవచ్చా? పాత టీ5 (సన్నటి ఫ్లోరెసెంట్) ట్యూబుకూ కొత్త నీలి ఎల్‌ఈడీకీ పోలిక చూడటానికి పనికిరాదు. లక్స్ అనేది మనిషి కంటి లెక్క. మన కంటికి ఆకుపచ్చ వెలుగు బాగా ఆనుతుంది, నీలం మసకగా కనిపిస్తుంది. కోరల్‌లోని శైవలాలకు నీలమే ప్రధాన ఆహారం. అందుకే నీలి లైటు కంటికి మెత్తగా ఉన్నా పార్ దండిగా ఉంటుంది. "ఇంత డిమ్‌గా ఉందే" అని శాతం పెంచేసి కాల్చుకునేది ఇక్కడే. ఒకే లైటు, ఒకే రంగు అమరిక ఉన్నప్పుడు మాత్రం లక్స్ కాస్త అక్కరకొస్తుంది. నిన్నటికంటే నేడు ఎంత పెరిగిందో, నీడ కోసం పరిచే ఒక జాలీ పొర ఎంత ఆపుతోందో అది చెప్పగలదు.

కొలిచే ముందు పై అద్దం మీది ఉప్పు మరకలు తుడవండి. ఉపరితలాన్ని చిలికే పంపును కాసేపు ఆపండి, లేకపోతే అలల వల్ల అంకె గంతులు వేస్తుంది. ప్రతి కోరల్ పక్కన, దాని పైభాగం ఎత్తులో సెన్సారు పెట్టి కాగితం మీద రాసుకోండి.

ఒక ఉదాహరణ చూద్దాం. 36 అంగుళాల పొడవు, 18 వెడల్పు, 18 ఎత్తు ట్యాంకు, అంటే సుమారు 190 లీటర్లు. పైన 39 వాట్ల టీ5 ట్యూబులు నాలుగు. అడుగున మష్రూమ్‌ల దగ్గర 45, నడిమి రాళ్ల మీద జోవాలు, టార్చ్ దగ్గర 70, పైన మాంటిపోరా దగ్గర 140 వచ్చాయనుకుందాం.

రెండో పని: కొత్త లైటు మొదటి శాతం

కొత్త లైటును నిలకడైన ఎత్తులో బిగించాలి. నీటి నుంచి 8 నుంచి 12 అంగుళాలు చాలా ఎల్‌ఈడీలకు కుదురుతుంది. వైరు సాకెట్టు కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి ఎక్కేలా వదలండి, జారిన ఉప్పునీరు సాకెట్టులోకి పోకుండా ఆ వంపు దగ్గరే కారిపోతుంది. బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు) లేకపోతే ముందు ఆ పని చేయించాకే తతిమ్మావి.

ఇప్పుడు అవే చోట్ల మళ్లీ కొలవాలి. కొలిచే ఐదు నిమిషాలు నూరు శాతం పెట్టినా నష్టం లేదు. మన ఉదాహరణలో అడుగున 130, నడుమ 210, పైన 420 వచ్చాయనుకోండి. పాత అంకెలకు సమానంగానో ఓ పదో వంతు తక్కువగానో ఉండే శాతం వెతకాలి. 30 శాతం దగ్గర 39, 63, 126 వస్తాయి. అదే మొదటి రోజు అమరిక. శాతాన్ని సగం చేస్తే వెలుగు సరిగ్గా సగమవుతుందన్న హామీ అన్ని లైట్లకూ ఉండదు కాబట్టి 30 దగ్గర పెట్టాక మరోసారి కొలిచి చూసుకోండి.

టీ5 వెలుగు ట్యాంకంతా పరుచుకుంటుంది. ఎల్‌ఈడీ వెలుగు సరిగ్గా దీపం కింద కుప్పగా పడి, పక్కలకు తగ్గుతుంది. సగటు ఒకటే అయినా నడిమధ్య ఉన్న కోరల్‌కు రెండింతలు పడొచ్చు. అందుకే దీపం కింద నిట్టనిలువునా ఉన్న చోట్లను విడిగా కొలవాలి. అక్కడ టార్చో లెదరో ఉంటే నాలుగైదు అంగుళాలు పక్కకు జరపండి.

రంగుల విషయంలో మొదటి నెల నీలం ఎక్కువ, తెలుపు తక్కువ, ఎరుపు, ఆకుపచ్చ నామమాత్రం. ఆ నిష్పత్తి ఒకసారి కుదిరాక ఎనిమిది వారాలూ దాన్ని కదపకండి. పార్, రంగు రెండూ ఒకేసారి మారిస్తే, తేడా వచ్చినప్పుడు దేనివల్ల వచ్చిందో తేల్చలేరు.

వెలిగే సమయం మొత్తం ఎనిమిది గంటలు: రెండు గంటలు మెల్లగా పెరగడం, నాలుగు గంటలు నిలకడ, రెండు గంటలు తగ్గడం. "శాతం ఎక్కువే కానీ మూడు గంటలే వేస్తున్నాం" అనే పద్ధతి వద్దు. కాల్చేది నడిమధ్యాహ్నపు తీవ్రత, మొత్తం గంటలు కావు.

మూడో పని: వారం వారం పెంచడం

ఉన్న శాతానికి పదో వంతు, వారానికి ఒకసారి. 30, 33, 36, 40, 44, 48, 53, 58, చివరికి 60. అక్కడికి పైన 252, నడుమ 126, అడుగున 78. జోవాలు, టార్చ్ తమ తమ హద్దుల్లో ఉన్నాయి, మాంటిపోరా దాదాపు తన పైహద్దు మీద ఉంది. మష్రూమ్‌లకు 78 అంచు మీది అంకె కాబట్టి వాటిని ఆరో వారం లోపు ఏదో ఒక రాయి నీడకు చేర్చండి.

పెంచే రోజు ఏ ఆదివారమో ఖాయం చేసుకోండి. పెంచడానికి ముందు రోజు మధ్యాహ్నం, లైటు నిండుగా ఉన్న వేళ, ఒకే కోణం నుంచి, ఒకే అమరికతో ఫొటో తీయండి. రోజూ చూసే కళ్లకు మెల్లగా పాలిపోవడం తెలియదు, రెండు వారాల ఫొటోలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. ఏ ఒక్క కోరల్ పాలిపోయినా ఆ వారం పెంపు లేదు. అన్నీ కళకళలాడుతున్నా రెండు మెట్లు కలిపి ఎక్కొద్దు. ఈరోజు కనిపిస్తున్న కళ పది రోజుల కిందటి వెలుగుకు జవాబు.

కొన్ని లైట్లలో అక్లిమేషన్ మోడ్ అని ఉంటుంది, తక్కువలో మొదలై రోజుకింత చొప్పున తనే పెంచుకుంటూ పోతుంది. వాడుకోవచ్చు. అయితే మొదలు శాతం, చివరి శాతం మీ కొలతల నుంచి మీరే పెట్టాలి, వ్యవధి యాభై అరవై రోజులకు తగ్గకూడదు. మధ్యలో ఏదైనా కోరల్ ఇబ్బంది పడినా ఆ మోడ్‌కు తెలియదు, పెంచుతూనే పోతుంది. చేత్తో పెంచుకోవడమే మంచిది.

డిమ్మర్ లేని లైటైతే

చవక లైట్లు చాలావాటికి ఆన్, ఆఫ్ తప్ప ఇంకేం ఉండదు. వాటికి రెండు దారులు. ఒకటి, తాళ్లతో లైటును పైకెత్తి వారానికో అంగుళం దించడం. ఇందులో వెలుగు చాలాభాగం గదిలోకి పోతుంది, పెంపు ఎంతో లెక్క తేలదు. రెండోది జాలీ. కిటికీలకు కొట్టే ఫైబర్ దోమల జాలీని ట్యాంకు పైకొలతకు కత్తిరించి మూడు నాలుగు పొరలు పరవాలి. ఒక్కో పొర ఎంత ఆపుతుందో జాలీ రంధ్రాల సైజును బట్టి మారుతుంది కాబట్టి లక్స్ యాప్‌తోనైనా చూసుకోండి. వారం పది రోజులకో పొర తీయాలి. చివరి పొర తీసినప్పుడు పడే తేడానే అన్నిటికంటే పెద్దది, కాబట్టి ఒకేసారి తీసేయకుండా మొదటి మూడు రోజులు పొద్దున, సాయంత్రం తీసి మధ్యాహ్నం మూడు గంటలు కప్పి ఉంచండి.

ఇనుప జాలీ, ఇత్తడి జాలీ దగ్గరికి కూడా రానివ్వకండి. ఉప్పు తుంపరకు ఇనుము తుప్పై నీళ్లలో రాలుతుంది, ఇత్తడిలోని రాగి కోరల్‌కు విషం.

కరెంటు పోయి వస్తే

ఇది డెల్టాలో విడిగా ఆలోచించాల్సిన సంగతి. కొన్ని చవక ఎల్‌ఈడీలు కరెంటు పోయి రాగానే మనం పెట్టిన అమరిక మరిచిపోయి నూరు శాతంతో వెలుగుతాయి. ఎవరూ ఇంట్లో లేని మధ్యాహ్నం ఇలా జరిగితే ఐదు వారాల శ్రమ ఒక్క పూటలో పోతుంది. బిగించిన రోజే ప్లగ్గు పీకి, పది నిమిషాలాగి, మళ్లీ పెట్టి చూడండి. అమరిక నిలవకపోతే ఆ లైటుకు జాలీ పద్ధతే వాడండి. చక్రం తిప్పే ప్లగ్ టైమర్లు కరెంటు లేనంతసేపూ ఆగిపోతాయి. రెండు గంటల కోత పడితే రెండు గంటలు వెనకబడి, రాత్రి పదింటికి కూడా లైటు వెలుగుతూ ఉంటుంది. బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమరుకు ఆ బాధ లేదు.

ఇన్వర్టరుకు లైటును కలపకండి, నీళ్లు తిప్పే పంపును కలపండి. నీటి కదలిక ఆగి వెలుగు మాత్రం పడుతుంటే కండలో పేరుకున్న ఆక్సిజన్ బయటికి పోయే దారి ఉండదు. లైటు లేకుండా ఒక పూట గడిచిపోతుంది, నీటి కదలిక లేకుండా గడవదు.

కిటికీ ఎండ సంగతీ చూసుకోండి. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు. వేసవిలో గదిలోకి రాని ఎండ జనవరిలో దక్షిణపు కిటికీ గుండా నేరుగా ట్యాంకు మీద పడొచ్చు. మీ లెక్కలో లేని వెలుగు అది. కర్టెన్ వేయండి.

నీళ్లలో మారేవి

వెలుగు పెరిగేకొద్దీ కోరల్స్ అస్థిపంజరం వేగంగా కడతాయి, కాల్షియం, ఆల్కలినిటీ (నీటిలో కరిగిన కార్బనేట్ల మోతాదు) గబగబా తగ్గుతాయి. లైటు మార్చాక కోరల్ పోతే నేరమంతా వెలుగు మీదే వేస్తారు, కానీ చాలాసార్లు ఆల్కలినిటీ పడిపోవడం కూడా అందులో భాగమే. ఈ ఎనిమిది వారాలు ఆల్కలినిటీని వారానికి రెండుసార్లు, కాల్షియం, మెగ్నీషియంలను రెండు వారాలకోసారి చూడాలి. ఆల్కలినిటీ 7 నుంచి 9 డీకేహెచ్ (దాని కొలమానం), కాల్షియం 400 నుంచి 450 పీపీఎం, మెగ్నీషియం 1250 నుంచి 1350.

రొయ్యల చెరువులున్న ఊళ్లో ఉండటం ఇక్కడ వరం. భీమవరం చుట్టుపక్కల ఆక్వా ల్యాబుల్లో ఈ మూడూ చేసిపెడతారు. ఆల్కలినిటీని పీపీఎంలో రాస్తారు. దాన్ని 17.9తో భాగిస్తే డీకేహెచ్ వస్తుంది. 125 నుంచి 160 మధ్య ఉంటే మనకు సరిపోయినట్టే. చెరువు సెలినోమీటరు (నీటి ఉప్పుశాతం కొలిచే పరికరం) తెచ్చుకుంటే 35 పీపీటీ ద్రావణంతో సరిచేశాకే వాడండి. మంచినీళ్లతో సున్నా చూసినంత మాత్రాన 35 దగ్గర సరిగ్గా చూపిస్తుందన్న నమ్మకం లేదు. చెరువులో ముంచిన బకెట్టు, మగ్గు, గొట్టం మాత్రం ట్యాంకు వైపు రాకూడదు.

రాళ్లు, ఇసుక పోగా 190 లీటర్ల ట్యాంకులో అసలు నీళ్లు 170 లీటర్లుంటాయి. అందులో ఆల్కలినిటీని 1 డీకేహెచ్ పెంచడానికి 5 గ్రాముల స్వచ్ఛమైన సోడియం బైకార్బనేట్, అంటే వంటసోడా చాలు. బేకింగ్ పౌడర్ వేరు, అది వాడకూడదు. గ్లాసు ఆర్వో నీళ్లలో కరిగించి, పొద్దున సగం, సాయంత్రం సగం, పంపు ముందు మెల్లగా పోయండి. రోజుకు 1 డీకేహెచ్ మించి పెంచొద్దు.

నైట్రేటు, ఫాస్ఫేటు సున్నా అయిన ట్యాంకులో వెలుగు పెంచడం మరీ ప్రమాదం. పోషకాలు లేని శైవలాలు ఆ వెలుగును వాడుకోలేవు. నైట్రేటు 5 నుంచి 10, ఫాస్ఫేటు 0.03 నుంచి 0.1 పీపీఎం ఉండాలి. సున్నా చూపిస్తుంటే మేత కాస్త పెంచి, అంకె కనిపించాకే లైటు పెంచండి.

ఇంకొకటి, ఎవరికీ అనుమానం రానిది: యాక్టివేటెడ్ కార్బన్. నెలల తరబడి మార్చని నీళ్లు లేత పసుపుగా ఉంటాయి, ఆ పసుపు నీలి వెలుగును మింగేస్తుంది. కొత్త కార్బన్ వేస్తే ఒకటి రెండు రోజుల్లో నీళ్లు తేటపడి, మీరు శాతం ముట్టుకోకుండానే పార్ పెరిగిపోతుంది. కార్బన్ మార్చాల్సి ఉంటే మొదటి కొలతకు వారం ముందే మార్చేయండి.

వేసవిలో కాలువలు కట్టేశాక చాలా ఊళ్లకు చెరువుల్లో నిల్వ చేసిన నీళ్లే కుళాయిల్లో వస్తాయి. తీరం వైపు బోరు నీళ్లలో ఉప్పెక్కువ. ఏదైనా సరే ఆర్వో, డీఐ (మిగిలిన లవణాలనూ తీసేసే ఫిల్టరు) దాటి టీడీఎస్ మీటరులో (కరిగిన లవణాలను కొలిచేది) సున్నా చూపిస్తేనే ట్యాంకులోకి. ఉప్పాడ, అంతర్వేది సముద్రపు నీళ్లు తెచ్చి పోద్దామనే ఆలోచన వద్దు. గోదావరి మంచినీరు, ఒండ్రు, పొలాల్లోంచి కొట్టుకొచ్చే మందులు అన్నీ కలిసే చోటు అది. వరద నెలల్లో ఉప్పుశాతం ఎంత పడిపోతుందో చెప్పలేం.

తేడా వస్తే ఎలా గుర్తించాలి, ఏం చేయాలి

పైభాగం పాలిపోయి, నీడన ఉన్న కింది అంచు రంగు నిలుపుకుంటే అది వెలుగు దెబ్బే. కింది నుంచి కండ ఊడుతూ పైకి వస్తుంటే అది వేరే జబ్బు, ముందు ఆల్కలినిటీ, ఉష్ణోగ్రత చూడండి. జోవాలు పొద్దున విచ్చుకుని లైటు నిండాక మూసుకుపోవడం, మష్రూమ్ అంచులు కప్పులా పైకి మడవడం, టార్చ్ మధ్యాహ్నమే కుంచించుకుపోవడం వెలుగు ఎక్కువైన గుర్తులు. లెదర్ కోరల్ నాలుగైదు రోజులు మూసుకుని మైనంలాంటి పొర వదిలితే కంగారు అక్కర్లేదు, అది దాని అలవాటు. కొత్త పరిస్థితులకు సర్దుకునేటప్పుడు అది ఇంకాస్త తరచుగా జరుగుతుంది. రెండు వారాలు దాటినా తెరుచుకోకపోతేనే ఆలోచించాలి. దీనికి తలకిందులుగా, జోవాల కాడలు సాగి పొడవవడం, మష్రూమ్‌లు పళ్లేల్లా పరుచుకోవడం వెలుగు చాలని గుర్తులు.

పాలిపోయిన కోరల్ కనిపించిన రోజే శాతం మూడో వంతు తగ్గించండి. ఒక్క కోరలే అయితే దాన్ని కిందికి, నీడకు జరపండి. చీకట్లో మాత్రం పెట్టకండి. మిగిలిన కాసిన్ని శైవలాలతోనే అది బతకాలి, వాటికి వెలుగు కావాలి. రోజుకో చోటికి మార్చడమూ హానే, ఒకచోట పెట్టి మూడు వారాలు ముట్టుకోవద్దు. వారానికి రెండు మూడుసార్లు మేత పెట్టాలి. రొయ్యల హేచరీలకు అమ్మే ఆర్టీమియా గుడ్లు ఇక్కడి ఆక్వా షాపుల్లో దొరుకుతాయి. పొదిగించి, పిల్లలను వడగట్టి, ఆర్వో నీళ్లతో కడిగి, లైటు ఆరిన గంటకు పంపు ఆపి కోరల్ నోటి దగ్గర పిప్పెట్‌తో వదలండి. టార్చ్, హ్యామర్ వీటిని బాగా అందుకుంటాయి. రంగు తిరిగి రావడానికి నెల నుంచి మూడు నాలుగు నెలలు పట్టొచ్చు.

కొత్త ముక్క కొనేటప్పుడు అమ్మేవాళ్లను దాని కింద ఎంత పార్ ఉండేదో అడగండి. తెలియదంటే అడుగున 50 దగ్గర మొదలుపెట్టి రెండు వారాలకో అరలా పైకి తెచ్చుకోండి. రీఫ్ కట్టే పగడాలు, సముద్రపు విసనకర్రలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. మన సముద్రం నుంచి తీసినవి కొనడం నేరం. ట్యాంకుల్లో పెంచిన ముక్కలైనా చట్టప్రకారం కాగితాలు చూపిస్తేనే తీసుకోండి.

గమ్యం చేరాక ఆ శాతాన్ని, ప్రతి కోరల్ దగ్గరి పార్‌ను స్టాండు తలుపు లోపలివైపు రాసి అతికించుకోండి. లైటు అద్దం మీద ఉప్పు తుంపర పేరుకుంటుంది కాబట్టి వారం వారం మెత్తటి తడిగుడ్డతో తుడవాలి. మూడు నెలలు మరిచిపోయి ఒకరోజు నిగనిగలాడేలా తుడిస్తే అదీ కోరల్‌కు కొత్త లైటే. అలా జరిగితే ఆ రోజు శాతాన్ని పది తగ్గించి, మళ్లీ రెండు వారాల్లో యథాస్థానానికి తేవాలి.